గంజి పోసిన అట్టలు

మా జగ్గయ్యపేటలో ఆరోగ్యమ్మత్త నెత్తిన అట్టల మోపు పెట్టుకుని వస్తుంటే, సిమెంటు లారీలు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవి. నమ్మకపోతే మీ ఇష్టం. ఫ్రిజ్‌ల కొట్టువాళ్ళు పారేసిన పెట్టెలన్నీ ఆవిడవే. మోకాళ్ళు అరిగి కూలికి వెళ్ళలేని మనిషి. ఇంటి వెనకున్న వంగతోటే ఆవిడకు తిండి. బోరు అడుగంటడంతో, నేల తడి ఆరిపోకుండా మొక్కల చుట్టూ అట్టలు పరిచింది. గాలికి లేచిపోతున్నాయని వాటి మీద రోజూ అన్నం గంజి పోసింది.

“వంకాయలకు గంజి చీరలు కడుతున్నావా అత్తా?” అన్నాను.

“నోరు ముయ్యరా. కాపొచ్చాక నాలుగు కాయలివ్వమని రా, చెబుతా నీ సంగతి,” అంది.

అట్టలు నేలకు అతుక్కున్నాయి. ఆ వేసవిలో పేట మొత్తం మీద పచ్చగా ఉన్నది ఆ తోట ఒక్కటే. పూత కూడా వచ్చింది. ఒకరోజు పొద్దున మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. దాహమేమోనని అత్త తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్ళు కూడా పోసింది. అయినా లేవలేదు. అట్ట ఎత్తి చూస్తే కింద తెల్లగా చెదలు. గంజి రుచికి వచ్చి, అట్టలు తిని, వేళ్ళూ తినేశాయి. పట్టుకోగానే మొక్క చేతికొచ్చింది.

“మందు కొడదామా అత్తా?”

“ఏం మిగిలిందని కొడతావురా?”

మర్నాడు ఆవిడ కుంటుకుంటూ మిరప కోతల ఆటో దగ్గరికి వెళ్ళింది. నందిగామ వైపు వెళ్ళే కూలీలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

“నువ్వు వంగలేవు పిన్నీ, రేపు చూద్దాంలే,” అన్నాడు మేస్త్రి.

మరుసటి రోజు వెళ్తే కూడా అదే మాట అన్నాడు. ఆ మర్నాడు ఆవిడ వెళ్ళలేదు. పొయ్యీ వెలిగించలేదు.