మా అన్నయ్య పేరు మీద నేను చేసిన ప్రయాణం

మొన్న తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. వేమూరు దాటుతుండగా టీసీ వచ్చాడు. నా ఎదుటి సీట్లో చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చున్న ఆసామి టికెట్టు లేకుండా దొరికిపోయాడు. పేరడిగితే ఏదో నోటికొచ్చింది చెప్పాడు. టీసీ చల్లగా, "ఫోన్లో ఆధార్ చూపించండి సార్" అన్నాడు. అంతే, ఆసామి మొహం మాడిపోయింది. నాకు నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇదే బండిలో ఒకప్పుడు నేను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. పైగా నేను వెళ్తున్నది ఆ అబద్ధంతో బాగుపడ్డవాడి ఇంటికే. మా పెదనాన్నగారి అబ్బాయి, నాకంటే ఏడాది పెద్ద, రిటైరయ్యాక రేపల్లెలో కట్టుకున్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేశాడట. చూసి మెచ్చుకోవడానికని ఇంట్లో చెప్పి, కుళ్లుకోవడానికి బయల్దేరాను.

మాది రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర చిన్న పల్లె. పెదనాన్న ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. గోడకు అవతల అన్నయ్య ఏ ఘనకార్యం చేసినా ఇవతల నాకు అక్షింతలు పడేవి. వాడికి బాపట్ల వ్యవసాయ కాలేజీలో ఏజీ బీఎస్సీ సీటు వచ్చింది. నేను ఇంటర్ రెండుసార్లు రాసి తెనాలిలో బీకాం చేరాను. పోనీ వాడేమైనా మాటకారా అంటే, అదీ కాదు. పలకరిస్తే తలూపడం, ఇంకా గట్టిగా పలకరిస్తే ఇంకాస్త తలూపడం. అటువంటివాణ్ణి ఊరంతా బుద్ధిమంతుడంటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. వాడి మార్కులు, హాస్టల్ గది నంబరు, చొక్కాలు ఎక్కడ కుట్టిస్తాడు, అన్నీ నాకు కంఠతా వచ్చు. ప్రేమించినవాళ్లు కూడా ఎదుటివాడి గురించి అన్ని సంగతులు గుర్తుపెట్టుకోరు.

బీకాం చదివే రోజుల్లో ఓ వేసవిలో, తెనాలినుంచి ఇంటికెళ్లే టికెట్టు డబ్బులు మ్యాట్నీకి పోయాయి. ఏం కాదులే అని బండెక్కాను. భట్టిప్రోలు ఇంకా రాకముందే టీసీ నా ముందు నిలబడ్డాడు. బట్టతల, చంకలో సంచి. పేరు అడగలేదు. మన వైపు పెద్దవాళ్లు ఎవరైనా మొదట అడిగేదే అడిగాడు.

"ఎవరబ్బాయివి?"

నాన్న పేరు చెబితే వీపు చిట్లుతుంది. ఏదో ఒక పేరు కల్పిద్దామంటే నోరు తిరగలేదు. ఎప్పుడూ నాలుక చివరే ఉండే పెదనాన్న పేరు బయటికొచ్చేసింది. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. ఆ వెనకే అన్నయ్య పేరు, ఏజీ బీఎస్సీ, గది నంబరు, అన్నీ ధారగా వచ్చాయి. పేరు పాడైతే వాడిదే పాడవుతుందని లోపల సంబరం కూడాను. ఆయన నోరంతా తెరిచి నవ్వాడు. "మా ఇల్లు బాపట్లేనయ్యా!" అన్నాడు. ఇక దొరికిపోయాననుకున్నాను. ఆయన మాత్రం పక్కనే చతికిలబడి పంటల గురించి, పురుగుమందుల గురించి అడగడం మొదలెట్టాడు. అన్నయ్య దగ్గర విన్న నాలుగు ముక్కలకు నా తెలివి కలిపి దంచేశాను. మెచ్చుకుని, సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు.

"మా అమ్మాయి కలిపింది, తాగు."

"కాఫీ తాగనండి. మజ్జిగైతే తాగుతాను."

అక్కడ ఒక్కటే నా సొంత నిజం దొర్లింది. ఆయన వివరాలు రాసుకున్న కాగితాన్ని జరిమానా పుస్తకంలో కాకుండా జేబులో పెట్టుకుని, "ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు" అని దిగిపోయాడు.

నెల తిరక్కుండా పెదనాన్న ఇంటికి సంబంధం వచ్చింది. "అబ్బాయిని రైల్లో చూశారటండి. మాట తీరు తెగ నచ్చిందటండి" అన్నాడు మధ్యవర్తి. వీడి మాట తీరేంటని మా పెద్దమ్మ కూడా ఆశ్చర్యపోయింది. ఇది ఆ టీసీ పనేనని నాకు అప్పుడే అర్థమైంది. కానీ నోరు విప్పితే టికెట్టు సంగతి బయటపడుతుంది. పెద్దమ్మ పోరు పడలేక బాపట్లలో పెళ్లిచూపులకు వాళ్లతోపాటు వెళ్లాను.

గుమ్మంలో ఆయన నన్ను చూశాడు. అన్నయ్యను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"ఈ అబ్బాయెవరండి?"

"మా తమ్ముడి కొడుకండి" అన్నాడు పెదనాన్న.

"ఏం బాబూ, నీ పేరేంటి?"

చచ్చినట్టు అసలు పేరు చెప్పాను. "బావుంది, ఇదీ రాసుకుంటాను" అన్నాడు. అందరూ పెద్దాయన సరదా అనుకుని నవ్వారు. ఇంతలో అమ్మాయి పళ్లెం పట్టుకుని వచ్చింది. అందరికీ కాఫీ ఇచ్చి, ఒక్క మజ్జిగ గ్లాసు మాత్రం అన్నయ్య ముందు పెట్టింది. ఆ చేతులూ, దించిన ఆ కళ్లూ చూశాక నాకు లోపల నిప్పంటుకుంది. మాట్లాడింది నేను, మెప్పించింది నేను, ఆ మజ్జిగ నాది! అన్నయ్య ఒక్క ముక్క అనకుండా గటగటా తాగేశాడు. నా కాఫీ మీద మీగడ కట్టింది.

ఆ పెళ్లి జరిగి నలభై ఏళ్లు. వాడి ఇంట్లో ఏది చూసినా, ఇది నా నోటి పుణ్యమే కదా అని రగిలిపోతూనే ఉన్నాను.

మొన్న కొత్త అంతస్తు చూసి దిగాక వదిన అన్నయ్యకు కాఫీ, నాకు మజ్జిగ తెచ్చింది. ఊరికే నవ్వించడానికి రైల్లో దొరికిన ఆసామి సంగతి చెప్పాను. వదిన నాకేసి చూసి, "మీ కాలంలో ఆధార్ లేదు కాబట్టి బతికిపోయారు మరిదిగారూ" అంది. మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

"ఆరోజు మీ అందరికీ కాఫీలిచ్చాక మా నాన్న నన్ను వంటింట్లోకి పిలిచారు. రైల్లో నాకు నచ్చినవాడు ఆ పక్కన కూర్చున్నవాడమ్మా, పేరొక్కటే ఈ అబ్బాయిది, నీ ఇష్టం అన్నారు."

"మరి నువ్వేమన్నావు?"

"ఈయన కళ్లన్నీ పక్కవాళ్ల కాఫీ మీదే ఉన్నాయి. అయినా నన్ను చిన్నబుచ్చకుండా మజ్జిగ తాగేశారు. మీరేమో నేనిచ్చిన కాఫీ ముట్టుకోనైనా లేదు. ఈయనే చాలు నాన్నా అన్నాను."

అన్నయ్య కాఫీ ఊదుకుంటూ తలూపాడు.

నా మాటలతో వాడు గెలిచాడనే నేను ఇన్నేళ్లూ ఏడ్చాను. వాడు గెలిచింది నోరు మూసుకుని. నలభై ఏళ్లు తప్పుడు కారణానికి కుళ్లుకున్నాను. అసలు కారణానికి మళ్లీ మొదటినుంచీ కుళ్లుకుందామంటే ఇంక అంత టైము లేదు.