పడవ మీద పలకకూడని చేప

రోనా మెయిర్ పగలంతా రేవు షెడ్డులో హెర్రింగ్ చేపలకు పొగబెట్టేది, సాయంత్రాలు వంటగది బల్ల దగ్గర కవితలు రాసుకునేది. నలభై దాటాక నవల మొదలుపెట్టింది. బడిలో నేర్పిన ఇంగ్లీషులో రాస్తే, అందులోని జాలరులు నోరు విప్పినప్పుడల్లా పాదిరిగారి ప్రసంగంలా ఉండేది. రాసినదంతా పొయ్యిలో వేసి, ఇంట్లో మాట్లాడే స్కాట్స్ యాసలో మళ్లీ ఎత్తుకుంది.

ఆ చలికాలం చర్చి హాలులో ఒక అధ్యాయం చదివి వినిపించింది. పడవ తుఫానులో చిక్కుకుంది. వల పైకి లాగిన వంటవాడు "సాల్మన్!" అని అరిచాడు. ఆ మాట వినగానే ముందు వరస ముసలివాళ్లంతా వంగి కుర్చీల ఇనుప కాళ్లు పట్టుకున్నారు. ఒకాయనైతే లేచి వెళ్లిపోయాడు.

సముద్రం మీద ఆ పేరెత్తితే కీడని, ఇనుము ముట్టుకుంటే ఆ కీడు పోతుందని జాలరుల నమ్మకమని రోనాకు తెలుసు. కాని హాలులో కూర్చుని, ఉత్త కథకే అంత ఉలికిపాటెందుకో అంతుబట్టలేదు. మర్నాడు వల బాగుచేసుకుంటున్న పెదనాన్న సాండర్ దగ్గరికి వెళ్లింది.

"హాల్లో సముద్రం ఎక్కడుంది పెదనాన్నా?"

"నువ్వే తెచ్చిపెట్టావు కదే! ఇంగ్లీషులో చదివుంటే హాయిగా కునుకు తీసేవాణ్ణి. మన మాటల్లో చదివేసరికి కాళ్లకింద చెక్కలు ఊగాయి."

"మరి ఆ చేప పడితే ఏమంటారు?"

"చెప్తే రాసేస్తావు."

"రాయన్లే, చెప్పు."

"అబద్ధాలకోరుదానా!" అంటూ నవ్వాడు. "ఎర్రచేప అంటాం."

"పాదిరిగారి పేరూ ఎత్తరుగా, మరి ఆయన్ని?"

"నల్లకోటాయన."

"మరి పందిని?"

సాండర్ గబుక్కున లంగరు గొలుసు ముట్టుకున్నాడు. "ఇంక ఇంటికి పోవే తల్లీ!"

ఆమె ఊరుకోలేదు. ముసలి జాలరుల ఇళ్లన్నీ తిరిగింది. కొందరు తలుపేసుకున్నారు, కొందరు టీ పోసి మరీ చెప్పారు. సముద్రం మీద నడిచే అధ్యాయాలన్నీ ఆ మారుపేర్లతో తిరగరాసింది.

ఎడిన్‌బరో ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "చివర అర్థాలైనా ఇవ్వండి, మేడమ్. ఎవరికి తెలుస్తుంది?"

"పడవెక్కినవాళ్లకి తెలుస్తుంది. రెండు పేజీలు ఓపిక పట్టండి, మీరూ ఎక్కేస్తారు."

పుస్తకం అలాగే అచ్చయింది. పట్నంలో పెద్దగా అమ్ముడుపోలేదు. రేవులో మాత్రం ఇంటింటా పైకి చదువుకున్నారు. జీవితంలో నవల ముట్టని సాండర్ ఒక ఆదివారం చంకలో పుస్తకంతో ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ వంటవాడు బతుకుతాడా, లేదా?"

"చదివితే తెలుస్తుందిగా!"

"అలలో పడిపోయాడే! పేజీ తిప్పడానికి చెయ్యి రావట్లేదు. నువ్వే చెప్పు."

రోనా కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, ఆ పేజీ తనే తిప్పి చదవడం మొదలుపెట్టింది.