జార్జియా విందులో రెండు వేళ్లు

నేను రాయబోయేది ఖండాంతర సాహసగాథ. నిజానికి కాదు. పరాయి దేశంలో నాన్నా నేనూ పక్కపక్కన కూర్చుని భోంచేశాం, అంతే.

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో మాది సిమెంటు కొట్టు. పోయినేడు కంపెనీవాళ్లు డీలర్లను జార్జియా దేశం తిప్పుతామంటే, నాన్నకు తోడుగా అమ్మ నన్నూ పంపింది. అక్కడొక ద్రాక్షతోటలో అందరినీ పొడుగాటి బల్ల ముందు కూర్చోబెట్టి, వైన్ రుచి చూపించే విందు ఇచ్చారు. ఇంట్లో నాన్నా నేనూ మందు ముట్టని బుద్ధిమంతులం. ఆ పేరు పోతే అమ్మ ముందు తలెత్తుకోలేం.

తోట యజమాని గంటసేపు తన తాతముత్తాతల చరిత్ర చెప్పాడు. గ్లాసులు నింపి పెట్టాడు గానీ తాగనివ్వడు! చివరికి కరుణించాడు.

"ఒక్క గుక్క తాగరా, లేకపోతే పెద్దాయన బురా మానేస్తాడు, నొచ్చుకుంటాడు. మనకి ఫస్ట్ టైమ్ కదా," అన్నాడు నాన్న.

"అవును నానా, ఎలా తాగాలో ఏటో," అన్నాను.

అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా! తాగేముందు మా మందుబాబులందరూ చేసినట్టే, వేలు ముంచి రెండు చుక్కలు పక్కకు చిలకరించాను. హడలిపోయి చూస్తే, నాన్న వేలు కూడా అప్పుడే ఆయన గ్లాసులోంచి బయటికొచ్చింది. నా చుక్కలు ఆయన చొక్కా మీద, ఆయనవి నా చొక్కా మీద.

"ఎప్పట్నించిరా?"

"ముందు నువ్వు చెప్పు నానా."

"చుప్! అమ్మకి తెలీకూడదు."

ఇన్నేళ్లూ ఒకరి ముందు ఒకరం నటిస్తూ పడిన అవస్థంతా దండగ. ఊరికి రాగానే అమ్మ మా బట్టలు నానబెట్టింది. తెల్ల చొక్కా మీద రెడ్ వైన్ మరక సబ్బుకి పోదు.