వారం రోజులకు దాచిన పేజీ

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరో ఏట. తెనాలిలో ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేసేదాన్ని. మధ్యాహ్నం డ్యూటీ దిగాక చర్చి వరండాలో ఆడవాళ్లకు క్లాసు ఉండేది. బాపట్ల నుంచి రైల్లో వచ్చే టీచరమ్మ చెప్పేది. మొదటి ఏడాది ఆవిడను మోసం చేశాను. పక్కావిడ చదువుతుంటే విని, పాఠం మొత్తం గుర్తుపెట్టుకుని, పుస్తకం మీద వేలు జరుపుతూ అప్పజెప్పేదాన్ని. ఒకరోజు టీచరమ్మ వేరే పేజీ తెరిచి ఇచ్చింది. నాకు తేడా తెలియలేదు. పాత పాఠమే చివరిదాకా చెప్పాను. ఈ సంగతి ఆస్పత్రిలో నర్సులకు నేనే చెప్పి నవ్వించాను.

తర్వాత ఆ నర్సుల్లో చాలామంది కువైట్, మస్కట్ వెళ్లిపోయారు. ఒకమ్మాయి భర్తకు కంప్యూటర్ పని తెలుసు. మా గురువారం ప్రార్థన కోసం అతను ఒక బ్లాగు పెట్టి ఇచ్చాడు. ప్రతి గురువారం సాయంత్రం మేం పదిమంది ఆడవాళ్లం ఒక ఇంట్లో చేరతాం. ఎవరి కష్టం వాళ్లు చెప్పుకుంటే అందరం ప్రార్థన చేస్తాం. దూరాన ఉన్నవాళ్లు చెప్పుకోవడానికి బ్లాగు. బుధవారం పొద్దున నేను నాలుగు ముక్కలు రాసేదాన్ని. కింద వాళ్లు తమ మనవులు కామెంట్లుగా రాసేవాళ్లు. అవి మొదటి పేజీలో ఒక పక్కన వరసగా కనిపించేవి. గురువారం ఆ పేజీ ప్రింటు తీసుకెళ్లి మీటింగులో చదివేదాన్ని. వాళ్లకు ఇంటి వైపు ఉన్న చెవి అదొక్కటే.

స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ ఉండేది. అంతకుముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. నడిపేది ఒక సాయిబు, నా కంటే రెండేళ్లు చిన్న. అందరూ భాయ్ అనేవాళ్లు. నా కోసం ఒక కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి పెట్టాడు.

రెండు వేల తొమ్మిది ప్రాంతంలో, ఒక ఎండాకాలం, బ్లాగు తెరుచుకోవడం కష్టమైపోయింది. తెల్లటి తెర ముందు చెమటలు కారుతూ కూర్చునేదాన్ని. పేజీ సగం వచ్చేసరికి కరెంటు పోయేది.

"ఏంటి భాయ్, చచ్చిందా?"

"చావలేదక్కా. కూర్చుని ఆలోచిస్తోంది."

అంతలో బ్లాగుకు చోటు అద్దెకిచ్చిన కంపెనీ నుంచి ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది. భాయ్ చదివి కళ్లద్దాలు తీశాడు.

"మీ లైన్‌లో ఎన్ని ఇళ్లక్కా?"

"ఏడు."

"కుళాయిలు?"

"ఒకటే."

"మీరు కుళాయి తిప్పి వదిలేశారని మిగతా ఆరుగురూ ఓనరుకు చెప్పారు. అదీ ఈ మెయిల్. ఒకే సర్వర్ మీద బోలెడు సైట్లు. మీది వంతుకు మించి వాడుతోందట. తగ్గించకపోతే మూసేస్తారట."

"నేనెప్పుడూ కుళాయి వదిలేయను."

"మిమ్మల్ని కాదక్కా, బ్లాగుని."

మూసేస్తే దూరాన ఉన్న ఆ పిల్లలు ఎవరికి చెప్పుకుంటారు? నాకు ఆ దిగులే పట్టుకుంది. రెండు రోజుల తర్వాత భాయ్ దారి కనుక్కున్నాడు. దాన్ని క్యాషింగ్ అంటారట.

"ఇప్పుడు ఎవరడిగినా బ్లాగు పేజీ మొత్తం మొదట్నుంచీ టైపు చేసి ఇస్తోంది. వందమంది అడిగితే వందసార్లు. అదే, ఇక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్నప్పుడు చేసినట్టు, ఒకసారి స్టెన్సిల్ కోసి దాచుకుంటే, ఎవరొచ్చినా దాని మీద నుంచి కాపీ తీసి ఇచ్చేయడమే."

దాన్ని ఎక్కించాడు. ఒక గడి దగ్గర ఆగాడు. దాచిన పేజీ ఎంతసేపు ఉంచి పారేయమంటారని అది అడుగుతోందన్నాడు.

"మా ప్రార్థన వారానికోసారే కదా. వారం పెట్టు," అన్నాను.

భాయ్ కాలిక్యులేటర్ మీద వారానికి ఎన్ని సెకన్లో లెక్కగట్టి ఆ అంకె కొట్టాడు.

పేజీ రెప్పపాటులో వచ్చేది. కంపెనీ మళ్లీ ఏమీ అనలేదు. నెల రోజులు హాయిగా గడిచాయి.

ఆ గురువారం మీటింగు మా ఇంట్లోనే. కువైట్‌లో ఉన్న ఒక నర్సు వాళ్లమ్మకు గుంటూరులో ఆపరేషన్ అని మంగళవారం రాసింది. వాళ్లది రేపల్లె. సరిగ్గా మొదలుపెట్టే వేళకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి ఫోన్ చాప మధ్యలో ఉంచాం. నేను కాగితం మీద వేలు పెట్టి చదివి ప్రార్థన మొదలుపెట్టాను. "ప్రభువా, ఈ తల్లిని మంచం మీద నుంచి లేపు. తన కాళ్ల మీద తాను ఇంటికి నడిపించు."

ఫోన్లోంచి మాట వచ్చింది.

"ఆయమ్మా, కాగితం చూసి చదువుతున్నావా, గుర్తున్నది చెప్తున్నావా?"

"చూసే చదువుతున్నానమ్మా."

"నిన్న మధ్యాహ్నం రాశాను. అమ్మ పోయింది. ఇవాళ పదకొండింటికి భూస్థాపన అయింది. నాకు సెలవివ్వలేదు. మీరు పాట పాడితే విందామని చేశాను."

పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలో కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. పాట మొదలుపెట్టాం. గొంతులు కలవలేదు. రెండో చరణంలో ఫోన్ కట్టయింది.

మర్నాడు నెట్ సెంటర్లో పాస్‌వర్డ్ కొట్టి బ్లాగు లోపలికి వెళ్తే ఆ అమ్మాయి రాసిన మాట ఉంది. బయటికొచ్చి మొదటి పేజీ చూస్తే లేదు. భాయ్ చాలాసేపు వెతికి చెప్పాడు. నేను కొత్తగా ఏదన్నా రాస్తే మొదటి పేజీని మళ్లీ కోస్తుందట. కామెంటు వస్తే మాత్రం ఆ కామెంటు ఉన్న లోపలి పేజీ ఒక్కటే మారుతుందట. మొదటి పేజీ బుధవారం పొద్దున కోసిన పాతదే వారం దాకా చూపిస్తుందట.

"వారం అన్నది నేనే," అన్నాను.

"కొట్టింది నేను కదక్కా," అన్నాడు.

నాకు ఏడుపు కూడా రాలేదు. అక్షరం వస్తే ఇక తప్పు చెప్పననుకున్నాను. కాగితం కూడా గుర్తున్న పాఠమే అప్పజెప్పగలదని నాకెవరూ చెప్పలేదు.

శనివారం రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. ఆ అమ్మాయి తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఆ కంప్యూటర్ సంగతులు నాకు తెలియవమ్మా. మా పిల్ల ఫోన్ చేసి ఒకటే అడిగింది. రాసింది ఎవరన్నా చదువుతారా నాన్నా, అని. ఏం చెప్పమంటావ్?"

"చదువుతున్నామని చెప్పండి."

"నువ్వే చెప్పమ్మా. నేను చెప్తే నమ్మేలా లేదు."

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికినా నిద్ర పట్టలేదు.

భాయ్ వారాన్ని పది నిమిషాలకు తగ్గించాడు. బరువు తగ్గుతుందని ఫొటోలు, ఎంతమంది చూశారో లెక్కపెట్టే బొమ్మ తీసేశాడు. బ్లాగు మళ్లీ కొంచెం నెమ్మదించింది గానీ మూసేయలేదు. నేను ఆ అమ్మాయి కామెంటు తెరిచి, దాని కింద స్టిక్కర్లు వెతుక్కుంటూ ఒక్క మాట కొట్టాను: చదివాను. ఆ రోజు నుంచి ఎవరు ఏం రాసినా కింద అదే కొడుతున్నాను. కొన్ని వారాలు ముప్పై దాకా వస్తాయి. వేళ్లు నొప్పెడతాయి, అక్షరాలు అలుక్కుపోతాయి.

"అన్నిటికీ ఒకే మాట కదక్కా. కాపీ చేసి అతికించడం నేర్పనా?" అని భాయ్ అడిగాడు.

"వద్దు భాయ్," అన్నాను.

ఆ అమ్మాయి రెండు నెలల దాకా ఏమీ రాయలేదు. తర్వాత ఒక బుధవారం, నాన్నకు బీపీ ఎక్కువగా ఉందని రాసింది. నేను రెండుసార్లు చదివాను. తర్వాత కొట్టాను.