కొంగు మీద చెనక్కాయ చెట్టు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి జనం ఇచ్చే మర్యాద చూసి నా మీద నాకే భక్తి పుట్టేది. అనంతపురంలో ఆరు నెలల కోర్సు చేసి, ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారు దగ్గర డిజైన్లు గీసే పనిలో చేరాను. నేను ల్యాప్‌టాప్‌లో గీసిన గళ్ళ బొమ్మను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గమెక్కితే చీరలో బొమ్మ పడుతుంది. ఒకసారి ఉరవకొండ వైపు రైతు కూతురొకామె వచ్చి, తన పెళ్ళిచీర కొంగు మీద నెమళ్ళు వద్దు, కాయలతో సహా చెనక్కాయ (వేరుశనగ) చెట్టు కావాలంది. పెళ్ళికి ఇంకా పదిహేను రోజులే. నాలుగు రోజులు కూర్చుని గీశాను. ఆ సంబరంలో, ఎవరూ అడక్కుండానే, ల్యాప్‌టాప్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను (తెర తళతళలాడుతుందని, ఇంకే కారణమూ లేదు).

అంతే, డిజైన్ తెరిచిన ఐదు నిమిషాలకు తెర బిగుసుకుపోవడం మొదలైంది. ఆర్పి వెలిగిస్తే మళ్ళీ ఐదు నిమిషాలు. ఆ ప్రోగ్రాం ఇంకో కంప్యూటర్లో లేదు, ప్రింటరేమో కొత్త సిస్టమ్‌తో మాట్లాడనంది. అట్టలు లేక మగ్గం ఖాళీగా ఉండటంతో, ఆ చీర నేయాల్సిన కొంగు మామ (చుట్టం కాదు, కొంగులు నేయడంలో దిట్ట కాబట్టి ఆ పేరు) వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏమప్పా, ఏమంటాండాది నీ మిషను?"

"ఐదు నిమిషాలకే బిగుసుకుంటాండాది మామా."

"ఆ ఐదు నిమిషాలు బతికే ఉండాది కదా. నువ్వు గళ్ళు చదువు, నేను కాయితం మీదికి దించుతా. అట్టలు చేత్తో కొట్టినోళ్ళమే మేము."

రెండు రోజులు పగలంతా అదే పని. "జరీ మూడు, ఖాళీ రెండు, పచ్చ ఐ..." అంటుండగానే తెర బిగిసేది. నేను పళ్ళు కొరుకుతూ ఆర్పి వెలిగించేవాణ్ణి, మామ పెన్సిల్ చెక్కుకునేవాడు. షావుకారు తొంగిచూసి నిట్టూర్చి పోయేవాడు. కాగితం పూర్తయినా, ల్యాప్‌టాప్‌ను బాగుచేయకుండా వదిలేది లేదని పంతం పట్టి, మూడో రోజు బస్సెక్కి అనంతపురం నెట్ సెంటర్‌కు పోయాను. తెరను నడిపే డ్రైవర్ పాత సిస్టమ్‌ది కావడమే తప్పని అక్కడ తెలిసింది. కొత్తది తెచ్చి వేస్తే ల్యాప్‌టాప్ గంటసేపు నిక్షేపంగా నడిచింది.

ఛాతీ విరుచుకుని, మామ కాగితాన్ని తెర పక్కన పెట్టి సరిచూశాను.

"మామా, ఆకుల దగ్గరంతా తప్పినావు."

"తప్పలేదప్పా. చెనక్కాయాకుకు నాలుగు రెబ్బలు. నువ్వు మూడే గీసినావు. ఆయమ్మ రైతు బిడ్డ, కనుక్కోకుండా ఉంటుందా? దానికే నాలుగు పెట్టినా." పెన్సిల్ చెవి మీద పెట్టుకుని అడిగాడు, "యా ఊరప్పా మీది?"

"కళ్యాణదుర్గం," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

అట్టలు మామ కాగితం చూసే కొట్టారు. చీర సమయానికి వెళ్ళింది. ల్యాప్‌టాప్ బిగుసుకుపోకుంటే నా మూడు రెబ్బలే పెళ్ళిపీటలెక్కేవి. చెనక్కాయ చేలల్లో పుట్టి పెరిగి, తెర తప్ప ఏమీ చూడని అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఆ ఆదివారం వాడు ఊరికి పోయి, చేలో గొంతుక్కూర్చుని ఒక్కొక్క ఆకూ లెక్కపెట్టాడు.

"ఏం పోగొట్టుకున్నావురా ఆడ?" అని నాయన గట్టు మీద నుంచి కేకేశాడు.

"ఏం లేదు నాయనా," అన్నాను.