చెప్పులతో ఎక్కిన గుండు

ఆ ఆదివారం పొద్దున మా గుట్ట మీది గుండురాయికి తెల్లటి చేతి గుర్తులు కనిపించాయి. సుద్దపొడి పూసుకున్న వేళ్లు ఎక్కడెక్కడ పట్టు వెతుక్కున్నాయో కింది నుంచి కొస దాకా తెలుస్తోంది. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. నాలో లేచింది ఆశ్చర్యం కాదు, అసూయ. దానికి మర్యాదైన పేర్లు చాలా ఉన్నాయి. గుట్ట మీద ప్రేమ అనవచ్చు, ఊరి పట్ల బాధ్యత అనవచ్చు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఆ పేర్లన్నీ వాడుకున్నాను కూడా. ఇప్పుడు వాటిని తీసేసి రాస్తున్నాను.

మాది చేవెళ్ల దగ్గరి ఊరు. గుట్ట పెద్దదేమీ కాదు. సీతాఫలం పొదలు, బండలు, అన్నిటికీ పైన మూడంతస్తుల ఇల్లంత గుండు. అందులో దేవత ఉందని ఊరి నమ్మకం. గుడి లేదు, విగ్రహం లేదు. ఉన్నదల్లా ఒక కట్టడి. గుండు మొదట్లో చెప్పులు విడవాలి. గొర్లు కాసేవాళ్లయినా, కట్టెలకు పోయే ఆడవాళ్లయినా, ఎవరైనా సరే. చెప్పులతో గుండు తొక్కితే దేవత కింద పడేస్తుందనేవారు.

ఇది నలభై ఏళ్ల కిందటి మాట. నాకప్పుడు ఇరవై ఏళ్లు. చర్చావేదికల్లో పెద్దవాళ్లను నోరెత్తనివ్వని వయసు. ఒక నమ్మకం పాతబడితే నిజమైపోతుందా అని నేను నిలదీస్తుంటే ఎవరో లేచి, "లేదంటే చెప్పులతో గుండెక్కి చూపియ్యరాదు" అన్నారు. మర్నాడు మధ్యాహ్నం టైరు చెప్పులు వేసుకుని ఎక్కాను. ఊరి జనం ముందువైపు నిలబడ్డారు. ఎక్కడానికి వీలున్న నెర్రె గుండు వెనకవైపు ఉంది. అక్కడ నా ఈడువాడే, గొర్లు కాసే నా దోస్తు ఒక్కడే ఉన్నాడు. పైకి చేరి చేతులు ఊపాను. కిందివాళ్లకు నా తల, చేతులు కనిపించాయి. దిగి వచ్చినప్పుడు నా కాళ్లకు చెప్పులు లేవు. ఏమైనాయని అడిగితే, "మీ దేవతకు అక్కడే పెట్టి వచ్చిన, చాతనైతే నా మీదికి రమ్మనుండ్రి" అన్నాను.

ఆ ఒక్క మధ్యాహ్నం నాకు జీవితమంతా పనికొచ్చింది. బడిలో సైన్సు చెప్పినన్ని రోజులూ, ఆలూరు నుంచి కొండకల్ దాకా ఊరూరా ఉపన్యాసాలిచ్చినన్ని రోజులూ ఆ గుండు కథతోనే మొదలుపెట్టేవాణ్ణి. అయినా ఒక్క మనిషి కూడా గుండు మొదట్లో చెప్పులు విడవడం మానలేదు. నాకు పిచ్చి ధైర్యమన్నారు, నా జాతకం గట్టిదన్నారు. నలభై ఏళ్లు వాదించి నేను సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. గుండెక్కిన ఒకే ఒక్క మనిషి. ఇప్పుడు అది కూడా ఉండేలా లేదు.

సైకిళ్ల వాళ్లు ముందు వచ్చారు. లావు టైర్ల సైకిళ్లు, తలకు హెల్మెట్లు. మొయినాబాద్ నుంచి తెల్లవారుతూనే బయల్దేరతారు. దారులన్నీ ఫాంహౌసుల గోడల్లో కలిసిపోయాక గుట్ట మీదికి మిగిలింది గొర్లు నడిచి నడిచి పడిన బాట ఒక్కటే. ఆ బాట మలుపులన్నీ తెలిసినవాడు నా దోస్తు. గొర్లు అమ్మేసి ఏళ్లయింది, ఒక ఫాంహౌసులో వాచ్‌మన్‌గా ఉన్నాడు. వాళ్లు వాడి వెనకే సైకిళ్లు నెట్టుకుంటూ, ఎక్కడ వాన నీళ్లు కోస్తాయి, ఎక్కడ రాయి కదులుతుంది అని అడుగుతూ తిరిగేవారు. వాడి నడకే మారిపోయింది.

"ఏందిరా, లీడర్ అయినట్టున్నవ్" అన్నాను ఒకరోజు.

"నువ్వొక్కనివే కావాల్నా ఏంది? ఇన్నేండ్లకు నన్నొకరు బాట అడిగిన్రు. చెప్పొద్దా?"

సైకిళ్ల వెనక గుండ్లు ఎక్కేవాళ్లు వచ్చారు. వాళ్లలో ముందుండే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. రెండో ఆదివారం నేను వెళ్లేసరికి గుండు మొదట్లో కూర్చుని బూట్లు విప్పుతోంది. వాటిని పక్కన జతగా పెట్టింది. నడుముకు కట్టిన చిన్న సంచిలో చేయిపెట్టి తెల్లపొడి పూసుకుంది. లేచి రెండు అరచేతులూ గుండుకు ఆనించి, తల వంచి ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. కట్టెల కోసం వచ్చి అక్కడే ఆగిన ముసలవ్వ ముఖం వెలిగిపోయింది.

"సూడు సారూ, పట్నం పిల్ల ఎంత భక్తితోటి మొక్కుతున్నదో! బూట్లు గూడ ఇడిసింది. ఈబూతి పూసుకున్నది."

"అవ్వా, అది ఈబూతి కాదు, సుద్ద. చెమటకు చెయ్యి జారకుండ పూసుకుంటరు. మొక్కుతలేదు, రాయిల పట్టు సూసుకుంటున్నది. బూట్లు ఇడిసి ఇంకో జత తొడిగింది, కాళ్లు సూడు!"

అవ్వ వంగి చూసింది. "అవి చెప్పులా? కాళ్లకు తోలతికిచ్చినట్టున్నయి. నువ్వు ఊకో సారూ, నీకు మొక్కెటోళ్లను సూస్తె పడదు."

ఆ పిల్ల పైకి వెళ్లింది. ఎంతసేపని? అవ్వ కట్టెల మోపు సరిచేసుకుని లేచేలోపు పైన ఉంది. ఎవరూ గొడవ పెట్టుకోలేదు, జాతకం మాట ఎత్తలేదు. అవ్వ కింది నుంచి చేతులు జోడించింది. నేను వాదించి తెచ్చుకోలేకపోయిన అనుమతి ఒక పొరపాటు వల్ల ఆమెకు దొరికింది. నాకు కడుపు మండింది.

దిగి వచ్చాక నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంటోంది. ఏమిటని అడిగాను.

"కొత్త రూటు అంకుల్. వెనక క్రాక్ ఉంది కదా, అది క్లీన్ చేసి నెక్స్ట్ వీక్ ఎక్కుతాం. ఎవరూ ఎక్కినట్టు లేదు. ఫస్ట్ ఎవరు ఎక్కితే వాళ్ల పేరు రాసి, రూటుకు పేరు పెడతాం."

"ఆ నెర్రె నేనెక్కిన. నలభై ఏండ్ల కింద. తాడు లేకుండ, టైరు చెప్పులతోటి."

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "గ్రేట్ అంకుల్! మీ పేరే రాస్తా అయితే." రాయబోయి ఆగింది. "కానీ చెప్పులతోనా? మధ్యలో రాయి చాలా నున్నగుంది. చెప్పులతో కాలు నిలవదే."

"నిలిచింది" అన్నాను. ఉపన్యాసాల్లో వాడే గొంతు వచ్చేసింది.

ఆ వారమే గ్రామ పంచాయతీ మీటింగు. సర్పంచ్ నా దగ్గర చదువుకున్నవాడే. "సైకిలోళ్లు గొర్ల బాట అడుగుతున్నరు, కొత్తది తవ్వరట. ఎక్కెటోళ్లు గుండు మీద తాడు కట్టెతందుకు రెండు బోల్టులు కొడ్తమంటున్నరు. ఏమంటరు?" అని అడిగాడు.

వెనక నుంచి ఒకాయన, "దేవత గుండుకు మేకులు కొడ్తె ఊకుంటదా?" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. ఆ ప్రశ్నకు నేనేం చెబుతానో అందరికీ తెలుసు. కొందరు ముందే నవ్వుతున్నారు. నా దోస్తు గోడకు ఆనుకుని ధీమాగా నిలబడ్డాడు.

"ఊరి నమ్మకం గూడ సూడాలె గద" అన్నాను.

నవ్వులు అక్కడే ఆగిపోయాయి.

"పానం మంచిగున్నదా సారూ?" అంది ముసలవ్వ.

సర్పంచ్ బిత్తరపోయాడు. "దేవత లేదన్న సారే గిట్లన్నంక ఇగ మేమేమంటం? బంద్ చేద్దాం." పది నిమిషాల్లో బాట బంద్, గుండు బంద్. మూఢనమ్మకాన్ని నలభై ఏళ్లలో నేను ఒక్కసారీ ఓడించలేకపోయాను. గెలిపించడానికి మాత్రం ఒక్క వాక్యం సరిపోయింది. నా దోస్తు నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

బాట మొదట్లో తుమ్మకంప అడ్డం వేశారు. తర్వాతి ఆదివారం సైకిళ్లు అక్కడి దాకా వచ్చి, ఆగి, తిరిగిపోవడం రోడ్డు మీద చాయ్ తాగుతూ చూశాను. సంతోషమైంది. అవును, సంతోషమే. ఫాంహౌసు గేటు దగ్గర నా దోస్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వాణ్ణి ఆ రోజు బాట అడిగినవాళ్లు ఎవరూ లేరు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం వాడే మా ఇంటికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. చాయ్ ఇస్తానంటే వద్దన్నాడు. సంచిలోంచి తీసి అరుగు మీద పెట్టాడు. మట్టి పట్టి, ఎండి, అంచులు పగిలిన టైరు చెప్పు. పట్టీకి కొట్టిన మేకు తుప్పు పట్టింది.

"మీటింగు రోజు పొద్దున్నే ఆ పిల్ల నెర్రె సాఫ్ చేస్తుంటె దొరికింది. ఇంకోటి ఇంక లోపటున్నదట, చెయ్యి అందలేదట. ఎవరియి తాతా అని నన్నడిగింది. తెల్వదన్న."

నేను చెప్పు మీది మట్టిని గోటితో గీకాను.

"నెర్రె నడుమ నీ కాలు జారింది. ఒకటి ఊడి లోపటికి పోయింది. రెండోది నువ్వే తీసి దాని ఎనక ఇడిసినవ్. ఇంక కాళ్లు వణుకుతుంటె నేను పైకెల్లి గొంగడి ఇడిసి గుంజిన. యాదికున్నదా?"

"ఉన్నది."

"నేనెట్ల ముందే పైకి పోయిన్నో అదన్న యాదికున్నదా? మా నాయిన గూడ ఎక్కెటోడు. గొర్రె తప్పితే ఆడికెల్లి సూసెటోళ్లం. వట్టి కాళ్లతోటి. చెప్పులు ఎందుకు ఇడుస్తరని ఊరంత గొడవ వెట్టుకున్నవ్ గని, నన్నొక్కనాడన్న అడిగినవారా?"

"ఇప్పుడు అడుగుతున్న."

"జారుతది. అంతే. మా తాత చెప్పులతోటి ఎక్కి కాలు ఇరగ్గొట్టుకున్నడట. పిల్లలు ఇనాలంటె దేవత పేరు చెప్పాలె, ఇంకెవ్వరి మాట ఇంటరు?"

ఏ ఆచారాన్నయినా ప్రశ్నించాలని నేను నలభై ఏళ్లు చెప్పాను. ఈ ఒక్కదాన్ని నేను ప్రశ్నించలేదు. ధిక్కరించానంతే. ఆ ధిక్కారం కూడా నెర్రె సగంలో ఊడిపోయింది. వట్టి కాళ్లతో, ఇంకొకడి గొంగడి పట్టుకుని పైకి చేరి, చెప్పులతో ఎక్కిన ఒంటరి వీరుణ్ణని ఊరూరా చెప్పుకున్నాను. వీడికి అంతా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఆ క్షణాన వాడి మౌనం మీద కూడా నాకు అసూయ కలిగింది. నేనైతే మొదటి వారమే చెప్పేసి ఉండేవాణ్ణి.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నీకు ఉపన్యాసం ఏముంటుండె?" లేచాడు. "నీ చెప్పు నీకిచ్చిన. ఇగ నీ ఇష్టం. బాట మాత్రం నాదిరా. గొర్లు పోయినయి, అదొక్కటే ఉన్నది."

మర్నాడు సర్పంచ్ దగ్గరికి వెళ్లి మళ్లీ మీటింగు పెట్టమన్నాను. జనం మొదటిసారి కంటే ఎక్కువ మందే వచ్చారు. సారుకు దేవత పూనిందని పుకారు పుట్టింది. ఎక్కేవాళ్ల తరఫున ఆ పిల్ల కూడా వచ్చింది. నా దోస్తు ఈసారీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెప్పు బల్ల మీద పెట్టాను. జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం ఎన్నడూ ఇవ్వలేదు.

"నేను గుండు చెప్పులతోటి ఎక్కలే. నడుమ జారితె ఇడిసిన. పైన పెట్టి వచ్చిన్నని అబద్ధం చెప్పిన. నన్ను గొంగడితోటి గుంజింది వీడు. మొన్న దేవత పేరు చెప్పింది గూడ నమ్మకంతోటి కాదు, కండ్లమంటతోటి. నా కంటె మంచిగ ఎక్కుతున్నరని."

అవ్వ ముందుకు వచ్చి చెప్పును చేత్తో తిప్పి చూసింది.

"అంటే దేవతకు భయపడి ఇడిసినవా?"

"కాదవ్వా. జారిందని ఇడిసిన."

"నేననేది గదే. జార్చింది ఎవరు మరి?"

అంతా గొల్లుమన్నారు. ఒకే చెప్పు నా వాదానికీ, ఆమె వాదానికీ సాక్ష్యమైపోయింది. జవాబు నాలుక చివర దాకా వచ్చింది. ఆ రోజు పని వాదించడం కాదు. దాన్ని వెనక్కి నెట్టడానికి నాకున్న బలమంతా కావలసి వచ్చింది.

తుమ్మకంప తీసేయాలని తీర్మానమైంది. బాట ఎటు పోవాలో, వానాకాలం ఎక్కడ బంద్ పెట్టాలో నా దోస్తు చెప్పినట్టే జరగాలి. పైన రెండు బోల్టులు కొట్టుకోవచ్చు. ఎవరైనా సరే గుండు మొదట్లో చెప్పులు, బూట్లు విడవాలి. ఆ పిల్ల, "మేం ఎట్లాగూ విప్పుతాం" అంది. అవ్వ నావైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది.

ఆ ఆదివారం నెర్రె దగ్గర, నా దోస్తూ నేనూ పక్కన ఉండగా, ఆ పిల్ల నోట్‌బుక్ తెరిచింది. "ఫస్ట్ ఎవరు ఎక్కారు అంకుల్? రాస్తా."

"వీళ్ల నాయిన. అంతకు ముందు ఎవరో తెల్వదు. తర్వాత వీడు. నన్ను వీడే గుంజిండు, అట్లనే రాయి."

"చెప్పులు?"

"ఇడిసిన."

రాసుకుంది. రూటుకు ఏం పేరు పెడదామని నా దోస్తును అడిగింది, నన్ను కాదు. వాడు గడ్డం గోక్కున్నాడు. "సారు చెప్పు అని పెట్టు బిడ్డా. ఒకటి ఇంక లోపట్నే ఉన్నది గద."

ఆమె పగలబడి నవ్వి అదే రాసింది. తాడు కట్టుకుంది, పొడి పూసుకుంది, ఎక్కడం మొదలుపెట్టింది. నా కాలు జారిన చోట ఆమె కాలు రాయిని అతుక్కుని నిలిచింది. నేను గొంగడి పట్టుకున్న చోట ఒక్క చేత్తో వేలాడుతూ, రెండో చేయి విదిలించి సేద తీర్చుకుంది. నా అరచేతులకు చెమటలు పట్టాయి.

"ఇంక మండుతున్నదా?" అన్నాడు నా దోస్తు, పైకే చూస్తూ.

"మండుతున్నది."

"మంచిదే. అబద్ధమైతె ఆడలే." వాడు బాటవైపు తిరిగాడు. కింద మొదటి సైకిలాయన మలుపు దగ్గర ఆగి, ఎటు పోవాలని చేయి ఊపుతున్నాడు. వాడు లుంగీ ఎగ్గట్టుకుని దిగసాగాడు. నేను అక్కడే కూర్చుని, ఆమె పైకి చేరే దాకా, కన్ను తిప్పకుండా, ఓర్వలేకుండా చూశాను.