డిటెక్టివ్‌కి ఎవరంటే ఇష్టం?

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన కొత్తలో అబూ హలీఫాలోని మా గదిలో గొడవంతా ఒక చిరిగిన డిటెక్టివ్ నవల గురించే. పనుల్లేవు, బయటికెళ్లే ధైర్యం లేదు. అందుకని దాన్నే పైకి చదువుకునేవాళ్లం.

"ఆ డిటెక్టివ్‌కి మగోళ్లంటేనే ఇష్టమప్పా! అసిస్టెంటు తినకుంటే వాడు ముద్ద ముట్టినాడా?" అనేవాడు మా రాయచోటి వంటమనిషి, గరిటె ఊపుతూ.

"ఆయన బ్రహ్మచారండీ బాబూ! దేవుడిలాంటి మనిషికి ఇలాంటివి అంటగడతారేంటండి?" అని అమలాపురం ఎలక్ట్రీషియన్ మండిపడేవాడు.

"ప్రేమిస్తే దేవుడు కాకుండా పోతాడా?" అంటూ వంటమనిషి అతనికి పప్పు ఓ గరిటె తక్కువ వేసేవాడు. మా గదిలోనే ఉండే టైలర్ మాత్రం ఏ పక్షమూ పట్టక నవ్వి ఊరుకునేవాడు.

చివరికి ఇండియా చేరే దారిలో జోర్డాన్ వెళ్లే బస్సు దొరికింది. తనకి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరున్న పాస్‌పోర్టు కోసం కువైట్ సిటీలోని మిర్కాబ్ వెళ్లిన టైలర్ తిరిగి రాలేదు. వంటమనిషి బస్సెక్కలేదు.

"మీరు పోండి. వాడు రాకుండా నేను యాడికీ రాను."

నచ్చజెప్పబోయి, అతని ముఖం చూసి ఆగిపోయాం.

కొన్నాళ్లకు జోర్డాన్‌లో మేమున్న శరణార్థుల శిబిరం దగ్గర ఇద్దరూ లారీ దిగారు, ఒళ్లంతా దుమ్ముతో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. ఎలక్ట్రీషియన్ లేచి, గుడారంలో తన దుప్పటి పక్కకి జరిపాడు.

"ఇలా వచ్చేయండి, ఇద్దరికీ చోటుందండి" అన్నాడు.